బండ వెనక దుమ్ము

జమ్మలమడుగులో బండలాగుడు పోటీలు జరిగే మైదానం ముందర తస్లీమా ఆటో దిగీ దిగగానే తల పైకెత్తి చూసింది. గేటు మీద రెండు వాసాల మధ్య బిగించి కట్టిన ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. అది ఆమె వేసిన ఫ్లెక్సీ. ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో ఇక్బాల్ నడిపే ఫ్లెక్సీ షాపులో ఆమె డిజైనర్. డిగ్రీ అయిపోయిన వేసవిలో ఏదో కాలక్షేపానికని చేరింది గానీ, చేరిన కొద్దిరోజులకే ఆ పని ఆమెను పట్టేసుకుంది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, అంగళ్ల ప్రారంభాలు, నాయకులకు స్వాగతాలు, అన్నీ ఆమె చేతిమీదుగానే పోతుంటాయి. అయితే వాటిని కంప్యూటర్ తెర మీద చూసుకోవడమే తప్ప, జనం మధ్య నిలువెత్తున నిలబెట్టాక చూసే అవకాశం ఎప్పుడూ రాలేదు. అందుకే ఈ రోజు ఇక్బాల్ వెంటపడి మరీ వచ్చింది.

ఫ్లెక్సీలో రెండు ఒంగోలు ఎద్దులు కొమ్ములు ముందుకు వంచి బండ లాగుతున్నాయి. వాటి కాళ్ల చుట్టూ, వెనకా, పైనా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము కోసం ఇంటర్నెట్‌లో దొరికే పొగ బ్రష్ ఒకటి దించుకుని, ఒక పూటంతా కూర్చుని అద్దింది తస్లీమా. తెర మీద చూసినప్పుడు భలే ఉందనుకుంది.

గేటు పక్కన చెరుకురసం బండి దగ్గర నిలబడిన ఇద్దరు మనుషులు కూడా ఆ ఫ్లెక్సీనే చూస్తున్నారు.

"ఏందప్పా, ఎద్దులు పీచుమిఠాయిలో ఇరుక్కున్యాయే!" అన్నాడు ఒకడు.

"పీచుమిఠాయి గాదు, యాడో గ్యాసు లీకయినట్లుండాది," అన్నాడు రెండోవాడు. ఇద్దరూ గ్లాసులు ఒలికేలా నవ్వారు. రసం తిప్పేవాడూ నవ్వాడు.

తస్లీమా చెవులు వేడెక్కాయి. ఇక్బాల్ ఆమె ముఖం చూసి, "పట్టించుకోగాకు మే. రేపు పొద్దున్నే పీకి పారేస్తారు," అన్నాడు. ఓదార్పుకే అన్నాడు గానీ, ఆ మాట ఇంకొంచెం గుచ్చుకుంది. ఆమె జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లి, తాడు కట్టిన అంచు దగ్గర నిలబడింది.

అప్పుడే ఒక ఎద్దుల జత బయలుదేరింది. మైకులో అరుపులు, ఈలలు, డప్పులు. ఎద్దులు ఒక్కసారిగా మెడలు వంచి కాళ్లు తన్నిపెట్టేసరికి, అంత పెద్ద బండా కదిలింది. దాంతోపాటే దుమ్ము లేచింది.

తస్లీమా ఎద్దులను చూడలేదు. దుమ్మునే చూసింది. అది తను అద్దినట్టు గుండ్రంగా, మెత్తగా లేదు. బండ అంచు నేలను రాసుకున్నచోట చీరుకుపోయినట్టు సన్నగా, పొడుగ్గా లేచింది. గిట్టలు దిగినచోట చిన్న చిన్న మట్టిబెడ్డలు ముందుకు ఎగిరిపడ్డాయి. బరువైన మన్ను వెంటనే కిందికి రాలిపోతే, తేలికైనది వెనకబడి, గాలి వాటున పక్కకు వాలి, ఎండలో ఎర్రగా మెరిసి మాయమైంది. ఒకే దుమ్ములో ఇన్ని రకాల దుమ్ములున్నాయని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఈ నేల మీద పుట్టి పెరిగి, ఇంత దుమ్ము మింగి, ఒక్కసారి కూడా దాన్ని సరిగ్గా చూడలేదు.

సిగ్గంతా ఎటు పోయిందో పోయింది. ఫోను తీసి తాడు మీదికి వంగి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. జత మీద జత వస్తూనే ఉంది, ఆమె తీస్తూనే ఉంది. తలా, కనురెప్పలూ, దుపట్టా అన్నీ ఒకే రంగుకు వచ్చేశాయి.

"పాపా, ఎద్దుల్ని తీయకుండా మన్ను తీస్తాండావేంది?"

పక్కన నిలబడిన పెద్దాయన అడిగాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాల, నవ్వుతున్న ముఖం. పేరు నారాయణ. పులివెందుల దగ్గర పల్లెలో సేద్యం, చీనీ తోట. వేరేవాళ్ల జతలు ఎలా లాగుతున్నాయో చూద్దామని వచ్చాడు.

"దుమ్ము కావాల మామా. గేటు కాడ ఫ్లెక్సీ నేనే ఏసినా. దాంట్లో దుమ్ము బాలేదంట," అంది తస్లీమా, దాచకుండా.

నారాయణ గేటు వైపు తిరిగి, లోపలికి వచ్చేటప్పుడు చూసిన ఫ్లెక్సీని గుర్తు తెచ్చుకున్నాడు.

"ఎద్దులు బాగుండాయి. దుమ్ము మాత్రం..." అని తల అడ్డంగా ఊపాడు. "సరే గానీ, వచ్చే నెల పులివెందులలో పోటీ ఉండాది. మా జతకు అదే మొదటి పోటీ. దూడలప్పటినుంచి మా కూతురు చందనే పెంచింది వాటిని. ఫ్లెక్సీ ఏపిద్దామని ఎవరినడిగినా సింహాలు పెడ్తాం, మంటలు పెడ్తాం, మెరుపులు పెడ్తాం అంటాండారు. మా ఎద్దులకు అయ్యన్నీ ఒద్దు. దుమ్ము కావాల. నువ్వు ఏస్తావా?"

"ఏస్తా మామా!" అనేసింది తస్లీమా. ఎలా వేస్తుందో ఆమెకే తెలియదు.

మరుసటి రోజు షాపులో కూర్చుని ఫోటోలు తెరిచి చూసుకుంటే ఒక్కటీ పనికి రాలేదు. ఎండ వెలుగుకు దుమ్మూ తెల్లగానే పడింది, వెనకున్న ఆకాశమూ తెల్లగానే పడింది. దుమ్ము లేచినచోటల్లా వెనక జనం తలకాయలు, ఐస్‌క్రీం బండ్లు. దుమ్మును మాత్రం విడదీసి తీసుకుందామంటే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అంతు చిక్కలేదు.

ఆమెకు కావలసింది బొమ్మ కాదు, బ్రష్. ఫోటోషాప్‌లో బ్రష్ అంటే వెంట్రుకల కుంచె కాదు, ఒక చిన్న అచ్చు. పెన్ను లాగిన దారి పొడుగునా ఆ అచ్చే ముద్ర మీద ముద్రగా పడుతూ పోతుంది. అచ్చులో నల్లగా ఉన్నచోట రంగు అంటుతుంది, తెల్లగా ఉన్నచోట అంటదు, బూడిద రంగు ఉన్నచోట పలచగా అంటుతుంది. సిద్ధంగా దొరికే బ్రష్‌లు వాడటమే గానీ, తనంతట తను ఒక్క బ్రష్ కూడా తయారుచేసింది లేదు. నేర్పే వీడియోలు చూసింది. వాళ్లంతా ఆకులు, మేఘాలు, మంచు చేస్తున్నారు. దుమ్ము చేసినవాడు ఒక్కడూ దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటి మిద్దె మీద గోధుమపిండి ఎగరేసి ఫోటో తీసింది. పిండి ముద్దలుగా పడింది. వెనక గోడ తెల్లగా ఉండటంతో పిండి కనపడనే లేదు. కింద నుంచి వాళ్లమ్మ సైదాబీ, "రొట్టెల పిండి మే అది!" అని కేకేసింది.

పిండి పోయినా ఒక సంగతి మాత్రం తేలింది. వెనక నలుపు ఉండాలి. దుమ్ము మీద ఎండ పడాలి. నలుపు మీద తెల్లటి దుమ్ము దొరికితే, దాన్ని కంప్యూటర్‌లో తిరగేస్తే తెలుపు మీద నల్లటి దుమ్ము అవుతుంది. అదే అచ్చు. ఆ ఆలోచన వచ్చాక ఆమెకు అన్నం సహించలేదు. నారాయణకు ఫోన్ చేసి, "ఎద్దుల ఫోటోలు నేనే వచ్చి తీసుకుంటా మామా," అంది. ఒక్కతే పోతానంటే సైదాబీ ఒప్పుకోలేదు. తనూ బయలుదేరింది.

పులివెందుల బస్సు ఎర్రగుంట్ల దాటి కలమల్ల దగ్గరికి వచ్చేసరికి కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి పొగ లావుగా, తెల్లగా లేస్తోంది. తస్లీమా కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది.

"అమ్మా, అదో చూడు! నేను ఎద్దుల కాళ్ల కింద పెట్టింది అదే!"

"ఏది?"

"ఆ పొగ! పొగకు బరువుండదు, పైకే పోతాది. దుమ్ముకు బరువుంటాది, కిందికి రావాల. ఆ మనుషులు నవ్వినారంటే నవ్వరా మరి!"

"కూర్చో మే, అందరూ చూస్తాండారు," అంది సైదాబీ. బస్సులో నిజంగానే అందరూ చూస్తున్నారు.

నారాయణ ఇంటికి చేరేసరికి వాళ్ల కోసం ఉగ్గాని, బజ్జీలు సిద్ధంగా ఉన్నాయి. కూతురు చందన ఇడుపులపాయలో ఇంజినీరింగు చదువుతోంది, సెలవులకు వచ్చింది. ఎద్దుల దగ్గరికి తీసుకుపోయి, వాటి మెడల కింద గోకుతూ, "ఇది గౌరయ్య, అది బసవడు. గౌరయ్యకు కోపమెక్కువక్కా, నువ్వు ఈ పక్క నిలబడు," అని చెప్పింది. తోట పక్కన ఎర్రటి బీడులో నారాయణ మనుషులు జతకు చిన్న బండ కట్టి తోలారు. తస్లీమా నేల మీద పడుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గట్టెక్కి, అన్ని రకాలుగా తీసింది. ఎద్దుల బొమ్మలు బాగా వచ్చాయి. దుమ్ము మళ్లీ ఎండలో కలిసిపోయింది.

"నల్ల గుడ్డ ఏదన్నా ఉండాదా? పెద్దది," అని అడిగింది.

చందన ఇంట్లోంచి నల్ల కంబళి తెచ్చింది. దాన్ని ఎద్దుల కొట్టం చూరు కింద నీడలో వేలాడగట్టి, దాని ముందు ఎండ పడుతున్నచోట మన్ను ఎగరేశారు. కంబళి నూగు తెల్లగా మెరిసి, దుమ్ములో కలిసిపోయింది. తస్లీమా నిరాశగా ఫోను దించి, అటూ ఇటూ చూసింది. చూరు నీడలో నిలబడి విసనకర్రతో విసురుకుంటోంది సైదాబీ. తల నుంచి పాదాల దాకా నల్లటి బురఖా. నూగు లేదు, మెరుపు లేదు, మడత లేదు.

"అమ్మా, అట్లే నిలబడు! కదలొద్దు!"

"ఏంది?"

"చేతులు రెండూ చాపు."

సైదాబీ అర్థం కాక చేతులు చాపింది. బురఖా రెండు పక్కలా తెరలా పరుచుకుంది. తస్లీమా చందన చేతిలో గుప్పెడు మన్ను పెట్టి, "అమ్మకు ఒక మూర దూరంలో, కింది నుంచి పైకి ఎయ్యి," అంది.

"ఏందే, నన్ను గోడ అనుకున్యావా?" అని సైదాబీ అరిచేలోపే మన్ను లేచింది. ఎండ దాన్ని పట్టుకుంది. నల్లటి బురఖా ముందు ప్రతి రేణువూ విడివిడిగా, తోక ఉన్న నిప్పురవ్వలా వెలిగింది. తస్లీమా ఫోటో చూసుకుని గట్టిగా కేక పెట్టింది. చందన పరిగెత్తుకొచ్చి చూసి తనూ కేక పెట్టింది. నారాయణ తోటలోంచి ఏం జరిగిందోనని గబగబా వచ్చాడు.

వచ్చినవాడికి కనిపించింది ఇదీ. కొట్టం ముందర ఒక పెద్దమ్మ చేతులు చాపి నిలబడి ఉంది. తన కూతురు ఆమె ముందు మన్ను చల్లుతోంది. ఆమె కూతురు నేల మీద బోర్లా పడుకుని ఫోటోలు తీస్తోంది.

"ఏమ్మా, ఏం జరుగుతాండాది ఈడ?"

"నాకేం తెలుసన్నా, నేనూ అదే అడుగుతాండా!" అంది సైదాబీ. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో ఆవిడకు కూడా ఉత్సాహం వచ్చింది. కాసేపటికి ఆవిడే, "అట్ల గాదు పాపా, జల్లెడ పట్టినట్ల ఎయ్యి," "ఈసారి రాళ్లు కలిపి ఎయ్యి," "గాలొచ్చేదాక ఆగు" అని చెప్పడం మొదలుపెట్టింది. మెత్తటి మన్ను, గరుకు మన్ను, బెడ్డలు, చీపురుతో ఊడ్చి లేపిన దుమ్ము, గోనెసంచి లాగి లేపిన దుమ్ము, అన్నీ తీశారు. చివరికి సైదాబీ తుమ్ముతూ బురఖా దులుపుకుంటే, అప్పుడు లేచిన దుమ్ము అన్నిటికంటే బాగుందని దాన్నీ తీసింది తస్లీమా.

ప్రొద్దుటూరుకు తిరిగొచ్చిన మరుసటి పొద్దున ఇక్బాల్ ఇంకా షట్టర్ ఎత్తుతుండగానే ఆమె కింద నుంచి దూరి లోపలికి వెళ్లింది. కువైట్‌లో ఉన్న చిన్నాయన అన్సర్ పంపిన, పెన్నుతో గీసే డిజిటల్ పలకను కంప్యూటర్‌కు తగిలించింది. అన్నిటికంటే మంచి ఫోటో ఒకటి ఎంచి, రంగులు తీసేసి, తిరగేసింది. తెల్లటి తెర మీద నల్లటి దుమ్ము. దాన్ని బ్రష్‌గా మార్చి, ఊపిరి బిగబట్టి, ఒక గీత లాగింది.

తెర మీద చతురస్రాలు పడ్డాయి. వరసగా, ఒకదాని మీద ఒకటి, బండలు పరిచినట్టు.

దగ్గరగా పెంచి చూస్తే తెలిసింది. తెల్లగా ఉందనుకున్న చోటు నిజానికి పూర్తిగా తెలుపు కాదు. బురఖా నలుపులో కంటికి ఆనని వెలుగు కొంచెం ఉంది, తిరగేస్తే అది లేత బూడిద అయింది. ఆ బూడిదే అచ్చు నాలుగు అంచులూ కనపడేలా చేస్తోంది. వెలుగునీడలు సవరించి ఆ లేత బూడిదనంతా తెలుపులోకి తోసేసింది. మిగిలిన అంచులను చేత్తో చెరిపింది. మళ్లీ గీత లాగింది.

చతురస్రాలు పోయాయి. ఈసారి కాలీఫ్లవర్ పువ్వులు పడ్డాయి. అన్నీ ఒక్కటే పువ్వు.

"రబ్బరు స్టాంపు గుద్దినట్లుండాదే," అన్నాడు వెనక నుంచి ఇక్బాల్, టీ గ్లాసు పట్టుకుని.

"ఉండన్నా. ఇది ఇంకా నిద్ర లేయలేదు."

బ్రష్ సెట్టింగుల పేజీ తెరిచింది. ఇన్నాళ్లూ ఆ పేజీలో ఉన్న గీటులను, గడులను చూసి భయపడి మూసేసేది. ఇప్పుడు ఒక్కోదాన్నీ కదిపి చూస్తోంది. ముద్రకూ ముద్రకూ మధ్య ఎడం పెంచింది. ముద్ర ప్రతిసారీ తనంతట తను ఎటో ఒకవైపు తిరిగేలా చేసింది. పువ్వులు చెదిరాయి. చిన్నా పెద్దా కలిసి పడేలా చేసింది. గీతకు అటూ ఇటూ చిందేలా చేసింది. పెన్ను గట్టిగా నొక్కితే చిక్కగా, తేలిగ్గా పట్టుకుంటే పలచగా పడేలా కట్టింది. ప్రతి మార్పుకూ ఒక గీత లాగడం, చూడటం, మళ్లీ మార్చడం. కాలీఫ్లవర్లు దూదిపింజలయ్యాయి, దూదిపింజలు పొగ అయ్యాయి. పొగ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ఎంత కదిపినా పొగే. మళ్లీ పీచుమిఠాయే.

కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, జమ్మలమడుగు మైదానాన్ని గుర్తు తెచ్చుకుంది. ఒకే దుమ్ములో ఎన్ని రకాలు! మరి బ్రష్ ఒకటే ఎందుకుండాలి?

అంతే, లేచి కూర్చుంది. గోనెసంచి లాగి తీసిన ఫోటోతో సాగిన దుమ్ము బ్రష్ ఒకటి చేసింది, అది పెన్ను కదిలే దిక్కుకే వాలేలా కట్టింది. బెడ్డల ఫోటోతో ముందుకు ఎగిరే బెడ్డల బ్రష్ చేసింది. గరుకు మన్నుతో కిందికి రాలే బ్రష్. మొదటి మెత్తటి దుమ్మును చివర్లో, అన్నిటికీ వెనక, గాలిలో తేలేందుకు మాత్రమే వాడదామనుకుంది. తెర మీద గౌరయ్యా బసవడూ మెడలు వంచిన ఫోటో తెరిచి, వాళ్ల బీడులోని ఎర్రమన్ను రంగునే ఆ ఫోటోలోంచి ఎత్తుకుంది.

బండ అంచు దగ్గర పెన్ను ఆనించి, నొక్కి, వెనక్కి లాగింది.

బండ కదిలింది.

అవును, ఆమెకు అలాగే అనిపించింది. ఫోటోలో కదలకుండా ఉన్న బండ కింద నేల చీరుకుపోయి, ఎర్రగా దుమ్ము లేచేసరికి, ఇంతదాకా నిలబడినట్టున్న ఎద్దులు నిజంగా బలమంతా పెట్టి లాగుతున్నట్టయ్యాయి. గిట్ట దగ్గర పెన్నుతో పొడిస్తే బెడ్డలు ఎగిరాయి. పైన తేలిగ్గా నిమిరితే ఎండ పట్టిన దుమ్ము పక్కకు వాలింది.

"అన్నా! అన్నా! ఇక్బాలన్నా!"

ఇక్బాల్ ప్రింటు మిషను వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కంప్యూటర్ కాలిపోయిందనుకున్నాడేమో, చేతిలో నీళ్ల సీసా కూడా ఉంది. తెర వైపు వంగి చూశాడు. ముక్కు రుద్దుకుని, "తుమ్ము వస్తాంది మే నాకు!" అన్నాడు. షాపులో ఉన్న గిరాకీలంతా లేచొచ్చి చూశారు. తస్లీమా వాళ్ల కోసం దుమ్మంతా చెరిపేసి, మొదటి నుంచీ మళ్లీ వేసి చూపించింది. వాళ్లు అడగకపోయినా ఇంకోసారి వేసింది.

పోటీల ముందు రోజు పులివెందులలో ఫ్లెక్సీ కట్టారు. ఆ సాయంత్రమే ఉరుములు. ఎండాకాలంలో ఎవరూ అనుకోని వాన, తెల్లవార్లూ కురిసింది.

పొద్దున సైదాబీతో కలిసి బస్సు దిగిన తస్లీమా మైదానం చూసి తల పట్టుకుంది. నేలంతా తడి. గుంటల్లో నీళ్లు. ట్రాక్టర్లతో దున్ని, ఎండిన మన్ను పోసి, కమిటీవాళ్లు ఎలాగో పోటీ జరిగేలా చేశారు గానీ, దుమ్మన్నది ఆనవాలుకు కూడా లేదు. వానకు ముఖం కడుక్కుని, ఎండలో తళతళలాడుతున్న ఫ్లెక్సీలో తప్ప.

దాని ముందర జనం గుంపుగా ఉన్నారు. సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఒకాయన ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి బొమ్మలోని దుమ్మును వేలితో గీకి చూశాడు.

"ఎవురప్పా ఈ ఫోటో తీసింది? ఏ కెమెరా?"

"మా పాప," అంది సైదాబీ, తనను అడగకపోయినా. "ఎద్దుల్ని తీసింది. దుమ్ము మాత్రం గీసింది."

"గీసిందా!"

"గీసింది. ఆ దుమ్ము లేపినప్పుడు నేనూ ఉన్న్యా," అని ఆవిడ చుట్టూ చేరిన ఆడవాళ్లకు మొత్తం కథ చెప్పడం మొదలుపెట్టింది.

చందన ఎక్కడి నుంచో వచ్చి తస్లీమా చెయ్యి పట్టి లాక్కుపోయింది. వాళ్ల జత వంతు వచ్చింది. గౌరయ్యకు తడినేల నచ్చలేదు. మొదట మొరాయించాడు. బసవడు ఒక్కడే లాగితే బండ పక్కకు తిరిగింది. నారాయణ ముందుకెళ్లి గౌరయ్య చెవి దగ్గర ఏదో అన్నాడు. అంతే, రెండూ ఒక్కటై మెడలు వంచాయి. బురద చిమ్ముకుంటూ బండ సాగింది. తస్లీమా ఫోను సంగతే మరిచిపోయింది. చందన భుజం పట్టుకుని గొంతు పోయేలా అరిచింది. ఈల మోగేసరికి జత బాగానే దూరం లాగింది. అన్ని జతలూ అయ్యాక మైకులో చెప్పారు, మొదటి పోటీకే మూడో స్థానం. నారాయణ తువ్వాల గాల్లోకి ఎగరేశాడు. అది బురదలో పడింది. అయినా మళ్లీ ఎగరేశాడు.

గెలిచిన జతల పోస్టర్లు అక్కడికక్కడే చేసి వాట్సాప్‌లో పంపాలని కమిటీ ముందే ఇక్బాల్‌కు చెప్పి ఉంది. అందుకే అతను లాప్‌టాప్ తెచ్చి షామియానాలో పెట్టాడు. తస్లీమా కూర్చుని మొదటి జత ఫోటో తెరిచింది. ఎద్దులు బాగున్నాయి గానీ, నేల తడిగా, చప్పగా ఉంది.

"పాపా, మాకూ ఆ దుమ్ము ఎయ్యవా? ఫ్లెక్సీలో నారాయణోళ్ల ఎద్దులకు ఏసినావే, అట్ల," అన్నాడు మొదటి జత యజమాని.

ఆమె పెన్ను తీసుకుంది. బండ అంచు దగ్గర ఆనించి లాగింది.

"ఆహా!" అన్నారు వెనక నిలబడినవాళ్లు.

వెనక ఇంతమంది ఉన్నారని ఆమెకు అప్పుడు తెలిసింది. షామియానా నిండిపోయింది. ముందున్నవాళ్లు వంగి, వెనకున్నవాళ్లు కుర్చీలెక్కి చూస్తున్నారు. గిట్ట దగ్గర బెడ్డలు ఎగరగానే ఈల వేశారు. చివరి మెత్తటి దుమ్ము పడగానే చప్పట్లు. ఎద్దులు లాగుతున్నంతసేపు ఎలా అరిచారో, పెన్ను లాగుతున్నంతసేపూ అలాగే అరిచారు.

"ఇంకొంచెం ఎయ్యి! ఇంకొంచెం!"

"రెండో జతకు ఎక్కువేసినావు, మాకు తక్కువేసినావు!"

"కొమ్ములు మునిగిపోతాయి మామా!" అని తస్లీమా నవ్వుతూ, అయినా ఇంకో గీత లాగింది. చెయ్యి ఆగడం లేదు. ఇంత ఆనందం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. మూడో పోస్టర్ కూడా అయిపోయాక, స్థానం రానివాళ్లు కూడా ఫోన్లలో ఫోటోలు పట్టుకుని వరస కట్టారు. ఇక్బాల్ ఆ వరసను నిలబెట్టలేక తంటాలు పడుతున్నాడు.

వరసలో రాజుపాలెం నుంచి వచ్చిన ఒక రైతు వంతు వచ్చింది. ఆయన ఎద్దులు మోకాళ్ల దాకా బురదతో, అలసిపోయి, అయినా తలలెత్తి నిలబడి ఉన్నాయి ఫోటోలో. తస్లీమా పెన్ను ఎత్తగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు దుమ్ము ఒద్దమ్మా. మా ఎద్దులు బురదలో లాగినాయి. బురదలో లాగేది ఇంకా కష్టం. బురదే ఎయ్యి."

షామియానాలో అందరూ తస్లీమా వైపు చూశారు.

ఆమె దగ్గర బురద బ్రష్ లేదు. గిట్ట బురదలోంచి ఊడి వచ్చేటప్పుడు చిమ్మే చినుకులు ఎలా ఉంటాయో, తీగలా సాగుతాయో, ముద్దలుగా తెగిపడతాయో ఇంతవరకూ ఆలోచించలేదు. ఆలోచించిన మరుక్షణం ఆమె కళ్లు మెరిశాయి.

"కొంచెం సేపు ఆగుతావా మామా?"

"ఆగుతా."

తస్లీమా చెప్పులు విడిచి, సల్వారు మోకాళ్ల దాకా మడిచి, ఫోను పళ్ల మధ్య పట్టుకుని మైదానంలోకి పరిగెత్తింది. వెనకే చందన, "ఏ పక్క నుంచి తన్నాలక్కా?" అని అరుస్తూ బురదలోకి దూకింది.